అంకెకు వచ్చిన ఉలి



మన భాషలో 'అంకె' యను మాటకు రెండర్థములు గలవు. లెక్కలో వ్రాయు గుర్తు ఒకటి. అదుపు, స్వాధీనము అనునది మరియొకటి. పొగరుబోతు కోడె కాడికి అలవాటుపడినప్పుడు అది అంకెకు వచ్చినదందుము. నేడు నేను ప్రసంగింపబూనిన యంత్రమునకు ఈ రెండర్థములును చక్కగా అమరినవి. అది అంకెలచేత అంకెకు వచ్చిన ఉలి.

దానిని సి. ఎన్. సి. రౌటరు అని పిలుచుచున్నారు. కంప్యూటరు పంపెడి అంకెల ననుసరించి నడచు మర యని ఆ మూడక్షరముల సారాంశము. రౌటరనగా గిరగిర తిరుగుచు కొయ్యను తొలచు పనిముట్టు. ఒక బల్ల, ఆ బల్లమీద ముందునకును వెనుకకును జరుగు వంతెన వంటి దూలము, ఆ దూలముమీద కుడియెడమలకు పరుగెత్తు బండి, ఆ బండికి క్రిందుమీదుగా కదలునట్లు బిగించిన తిరుగుడు ఉలి. ఈ మూడు చలనములు కలిసినచో కొయ్యమీద ఏ లతనైనను, ఏ బొమ్మనైనను తొలవవచ్చును. పట్టణములందు తలుపు రెక్కలమీది లతలును, దేవతామూర్తులును ఇట్టి పెద్ద యంత్రములచేత తయారగుచున్నవి. చిన్న యంత్రములను విడిభాగములుగా కొని, ఇంటి చావడిలోనే బిగించుకొనుచున్న యువకులును గలరు. వారిలో వడ్రంగము ఎరుగని విద్యార్థులు కొందరు. వడ్రంగి కుటుంబముల పిల్లలు కొందరు.

ఇట్టి యంత్రము ఊరికి వచ్చినప్పుడు పెద్దలకు రెండు సందేహములు కలుగుట సహజము. చేతిపనికి ఇక నూకలు చెల్లినవా యనునది మొదటిది. అప్పుచేసి కొన్న యంత్రము చెప్పినట్లు పనిచేయునా, లేక కొయ్యను తగులబెట్టి మూల కూర్చుండునా యనునది రెండవది. ఈ రెంటికిని సమాధానము దాని చరిత్రలోనే యున్నదని నా యభిప్రాయము. ఆ చరిత్ర యంతయు, నమ్మదగిన సాక్షికొరకు పనివాడు చేసిన వెదకులాట. ఏలనో వినుడు.

ఏ యంత్రమునకైనను మొదట కావలసినది తిన్ననైన దారి. బండికి బాట ఎట్టిదో ఉలికి పట్టాలు అట్టివి. బాట వంకరయైన నడక వంకరయగును. తిన్నని బద్దను చేయవలెనన్న, సరిచూచుటకు మరియొక తిన్నని బద్ద కావలెను గదా! మరి మొట్టమొదటి తిన్నని బద్ద ఎచ్చటనుండి వచ్చినది? ఈ ప్రశ్న చిన్నపిల్లలు అడుగునట్టిది. కాని ఇంగ్లండులోని గొప్ప పనివారు దీనికి సమాధానముకొరకు చిరకాలము శ్రమించిరి.

వారిలో అగ్రగణ్యుడు హెన్రీ మాడ్‌స్లే. ఇతడు 1771లో పుట్టి 1831లో చనిపోయెను. పండ్రెండవ యేటనే ఆయుధశాలలో పనికి చేరి, 1797లో లండనులో సొంత కార్ఖానా పెట్టెను. ఇతడు చేసిన మేలును తెలిసికొనుటకు మన ఏటికొప్పాకను తలచుకొనవచ్చును. అచట అంకుడు కొయ్యను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేయుదురు. కొయ్య తిరుగుచుండును, ఉలి పనివాని చేతిలో నుండును. బొమ్మ నునుపు ఆ చేతి నిలుకడపై ఆధారపడును. బొమ్మకు అది చాలును. కాని ఇనుప కడ్డీమీద సమానమైన మరచుట్లు కోయుటకు ఎంతటివాని చేయియు చాలదు. మాడ్‌స్లే 1800 ప్రాంతమున ఉలిని చేతినుండి తీసి ఒక జారుడు పీటకు బిగించెను. ఆ పీటను పొడవైన మరకడ్డీచేత నడిపించెను. మరకడ్డీ తిరుగుటకును కోయబడు కడ్డీ తిరుగుటకును పండ్లచక్రములతో పొత్తు కుదిర్చెను. ఇతరులును ఇట్టి యత్నములు చేసియుండిరి గాని, కార్ఖానా పనికి నిలువదగిన రూపమును ఇచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. మరకడ్డీ ఒక చుట్టు తిరిగినచో పీట ఒక మరచుట్టంత దూరమే జరుగును. అర చుట్టునకు అందులో సగము. అనగా, చుట్లు లెక్కపెట్టిన దూరము తెలియును. దూరము లెక్కకు వచ్చినది. నేటి రౌటరులోని పొడవైన మరకడ్డీ ఆ లండను కార్ఖానాలోని మరకడ్డీకి మునిమనుమడు.

మాడ్‌స్లే తన పనిబల్లమీద ఒక కొలపరికరమును ఉంచుకొనెను. దానికి 'లార్డ్ ఛాన్సలర్' అని పేరు. అది ఆ కాలమున ఇంగ్లండులో ఉన్నత న్యాయాధికారి బిరుదు. ఎవని పని సరియో, ఎవని పని తప్పో అను తగవు వచ్చినప్పుడు ఆ పరికరము చెప్పినదే తీర్పు.

ఆ కార్ఖానాలో పనిచేసినవాడే జోసెఫ్ విట్‌వర్త్. ఇతడు 1803లో పుట్టి 1887 వరకు జీవించెను. లోహపు పలకలను సమతలముగా చేయు విధమునుగూర్చి 1840లో గ్లాస్గో నగరమున పండితసభలో ఒక వ్యాసము చదివెను. ఆ పద్ధతి యిట్టిది. రెండు ఇనుప పలకలు తీసికొని, ఒకదానికి సింధూరమువంటి రంగు నూనెలో కలిపి పలుచగా పూసి, రెండవదానిపై పొందించవలెను. ఎత్తుగానున్న తావులకు రంగు అంటును. ఆ తావులను గీకి, మరల పొందించి, మరల గీకుచు పోయినచో కొంతకాలమునకు రెండును చక్కగా అతుకును. కాని అతికినంత మాత్రమున అవి సమతలములని చెప్పరాదు. ఒకటి మూకుడువలె లోతుగను, రెండవది ఆ మూకుటిలో ఇముడునట్లు ఉబ్బుగను ఉండవచ్చును. ఇప్పుడు మూడవ పలకను తేవలెను. లోతుగానున్న మొదటిదానితో పొందిన మూడవది ఉబ్బుగా నుండి తీరవలెను. అట్టిది ఉబ్బుగానున్న రెండవదానితో పొందజాలదు. గుట్టు బయటపడును! దిశలు మార్చి మార్చి చూచినను మూడు పలకలును జతజతగా పొందినప్పుడే మూడును సమతలములని నమ్మవచ్చును.

రచ్చబండయొద్ద తగవులు తీర్చిన పెద్దలకు ఈ న్యాయము క్రొత్తది కాదు. ఇద్దరు సాక్షులు కూడబలుకుకొని ఒక్కమాట చెప్పవచ్చును. వారితో సంబంధము లేని మూడవవాని మాటయు కలిసినప్పుడుగాని మనము నమ్మము. మొదటి తిన్నని పలక ఆకాశమునుండి ఊడిపడలేదు. తిన్ననివి కాని మూడు పలకలు ఒకదాని తప్పు నొకటి బయటపెట్టగా పుట్టినది. ఈ మూడవ సాక్షిని మరువకుడు. యంత్రమును బిగించునప్పుడు వానితో మనకు మరల పని పడును.

ఇక అంకెలు ఆజ్ఞలైన కథ. ఇది నేతగాని యింట ఆరంభమైనది. ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణము పట్టునేతకు ప్రసిద్ధి. అచటివాడైన జోసెఫ్ మారీ జకార్డు 1804లో ఒక మగ్గమును సిద్ధము చేసెను. అంతకుపూర్వము రంధ్రముల కాగితముతోను, అట్టలతోను మగ్గము నడుపుటకు మరికొందరు చేసిన ప్రయత్నములు ఆయనకు తోడ్పడినవి. అట్టకు రంధ్రమున్న చోట పడుగుపోగు పైకి లేచును, లేనిచోట లేవదు. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. అట్టల దండ మారిన బుటా మారును. ధర్మవరము నేతగాండ్రను అడిగినచో ఈ అట్టల సంగతి నాకన్న చక్కగా చెప్పగలరు. పట్టుచీరల అంచులకును, కొంగులకును జకార్డు పెట్టె వారికి నిత్యపరిచితము. చేతిలోని నేర్పును ఒక అట్టమీద గుర్తులుగా దాచిపెట్టి, కావలసినప్పుడు తిరిగి నడిపింపవచ్చునను భావము లోకమునకు ఆ మగ్గమువలననే బాగుగా తెలిసినది.

అట్టమీది గుర్తు ఇనుమును కోయు యంత్రమునకు చేరుటకు దాదాపు నూటయేబది సంవత్సరములు పట్టెను. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున జాన్ పార్సన్స్ అనునతడు హెలికాప్టరు రెక్కలు చేయు పని చేపట్టియుండెను. ఆ రెక్కల వంపు కచ్చితముగా నుండవలెను. లేనిచో ఎగురువారి ప్రాణములకు ముప్పు. వంపును సరిచూచు అచ్చుపలకలను చేయుటకు పూర్వము కొలది బిందువులు గుర్తుపెట్టి, వానిని వంపుబద్దతో కలిపి, ఆ గీతవెంట కోసెడివారు. పార్సన్సును, ఆయన సహచరుడైన ఫ్రాంక్ స్టూలెనును రంధ్రముల అట్టలతో లెక్కలు చేయు యంత్రముచేత 200 బిందువులను గణింపించిరి. పిమ్మట కార్ఖానాలో ఒకడు అంకెలు చదువుచుండగా, ఇద్దరు మనుష్యులు చెరియొక పిడిని త్రిప్పుచు ఉలిని ఆ బిందువులకు తెచ్చెడివారు. చదువువాడును, త్రిప్పువారును లేకుండ అంకెలే నేరుగా మోటారును త్రిప్పరాదా యని పార్సన్స్ ఆలోచించెను.

ఆ యాలోచన అమెరికా వైమానిక దళమునకు నచ్చి 1949లో ధనసహాయము లభించినది. ఎం. ఐ. టి. అను సుప్రసిద్ధ విద్యాలయపు ప్రయోగశాల ఆ పనిలో పాల్గొనెను. 1952 సెప్టెంబరులో, రంధ్రముల కాగితపు పట్టీ ననుసరించి మూడు దిశలలో లోహమును కోయు యంత్రమును వారు ప్రదర్శించిరి. దానిని నడుపు అలమారలో 292 వాల్వులు, మన పాత రేడియోలలో వెలిగెడివంటివి, ఉండినవి. పార్సన్స్ అదే సంవత్సరమున పేటెంటుకొరకు దరఖాస్తు చేయగా 1958లో లభించినది. 1959లో పత్రికలవారిని పిలిచి, అంకెల ఆజ్ఞతో కోసిన అల్యూమినియపు బూడిదగిన్నెలను పంచిపెట్టిరట. పెద్ద విద్యకు చిన్న సాక్ష్యము.

ఆ యంత్రములో ఒక విశేషము గలదు. అది ఆజ్ఞను పాటించుటతో తృప్తిపడలేదు. తాను నిజముగా ఎంత జరిగినదో తానే తిరిగి కొలుచుకొని, తేడా యున్నచో దిద్దుకొనెడిది. నేటి చిన్న యంత్రములలో అనేకములకు ఈ గుణము లేదు. వానికి ఆజ్ఞ యిచ్చుటయే గాని విచారణ లేదు. ఈ భేదమును గుర్తుంచుకొనుడు.

అంకెల ఆజ్ఞలకు క్రమముగా ఒక భాష ఏర్పడినది. 'జి' అక్షరముతో మొదలగు మాటలు చలనమునకు సంబంధించినవి. 'జి-0' అనగా పనిచేయక వేగముగా జరుగుము. 'జి-1' అనగా తిన్నగా కోయుచు పొమ్ము. 'జి-2', 'జి-3' అనునవి వంపుగా తిరుగుటకు. 'ఎం-3' ఉలిని త్రిప్పును, 'ఎం-5' ఆపును. 'జి-20' అనగా అంగుళములు. 'జి-21' అనగా మిల్లీమీటర్లు. ఈ కడపటి రెంటినిగూర్చి ఒక మాట. అంగుళమునకు సరిగా 25.4 మిల్లీమీటర్లని ఆంగ్లభాషా దేశములు కొన్ని కలిసి 1959లో నిర్ణయించుకొన్నవి. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినది. ఐనను మన వడ్రంగుల నోట అంగుళము పోలేదు. ఒక కొలతలో గీసిన చిత్రమును వేరొక కొలతలో చదివినచో యంత్రము ఎదురుచెప్పదు. బొమ్మ 25 రెట్లు పెద్దదైనను, చిన్నదైనను పాటించును. కావున ఏ కొలతయో ముందు నిశ్చయింపవలెను.

యంత్రము గదినుండి బల్లకు, కోటీశ్వరుని కార్ఖానానుండి సామాన్యుని చావడికి వచ్చిన తీరు సంగ్రహముగా చెప్పెదను. 1971లో వెలసిన మైక్రోప్రోసెసరువలన అలమారంత లెక్కలయంత్రము గోరంత బిళ్ళలో ఇమిడినది. అమెరికాలో టెడ్ హాల్ అను ఆచార్యుడు ప్లైవుడ్డు పడవల భాగములను కోసికొనుటకు చవుకయైన రౌటరును కల్పించి, 1996లో షాప్‌బాట్ అను సంస్థ స్థాపించెను. 2005లో ఇటలీదేశపు ఇవ్రెయా పట్టణమున విద్యార్థులకొరకు ఆర్డ్యుయినో అను చిన్న నియంత్రణ పలక పుట్టెను. ఆ పలకమీద నడచునట్లు నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో జి. ఆర్. బి. ఎల్. అను కార్యక్రమమును వ్రాసి, అందరికి ఉచితముగా విడిచిపెట్టెను. తరువాత ఎడ్వర్డ్ ఫోర్డ్ మొదలగువారు ఇంటిలో బిగించుకొనదగిన రౌటరు నమూనాలను లోకమునకు అందించిరి.

ఇది పట్టణముల కథ మాత్రమే కాదు. మహారాష్ట్రములో పుణె సమీపమున పాబళ్ అను గ్రామము గలదు. అచట డాక్టరు ఎస్. ఎస్. కల్బాగ్ 1983లో విజ్ఞాన ఆశ్రమమును స్థాపించిరి. చేతితో పనిచేయుచు చదువు నేర్చుకొనుట ఆ ఆశ్రమపు విధానము. అంకెలతో నడచు పనిముట్ల శాల యొకటి 2002లో ఎం. ఐ. టి. వారి సంబంధముతో ఆ గ్రామమున వెలసినది. ఇట్టి శాలలు లోకమున మొట్టమొదట ఏర్పడిన కొలది చోట్లలో మన దేశపు పల్లె యొకటి యుండుట గమనింపదగిన విషయము.

ఇక క్రొత్తగా యంత్రము బిగించు యువకుడు చేయవలసిన దేమి? ఇచ్చట చరిత్ర మనకు ఉపాధ్యాయుడు. మాడ్‌స్లే, విట్‌వర్త్ పాటించిన వరుసనే పాటింపవలెను: మొదట తిన్నదనము, పిదప మూలమట్టము, పిదప కొలత. పునాది కుదరక గోడ దిద్దరాదు.

మొదట బల్ల. నాలుగు కాళ్ళును కదలక నేలనంటియుండవలెను. రసమట్టముతో చూచి సరిచేయవలెను. మెలితిరిగిన బల్లమీద బిగించిన చట్రమును మరమేకులు బిగించినకొలది ఆ మెలియే లాగికొనును. పట్టాలు రెండును ఒకదానికొకటి సమదూరమున నుండవలెను. దూలమును చేతితో తోసినచో మొదటినుండి చివరవరకు ఒకే బరువుగా జరుగవలెను. మధ్యలో బిగిసినచో అచట పట్టాలు దగ్గరపడినవని తెలియవలెను.

రెండవది మూలమట్టము. ఇది మన దేశమునకు చిరపరిచితమైన విద్య. యజ్ఞవేదికలను త్రాడుతో కొలిచి కట్టినవారు దీర్ఘచతురస్రపు భుజములకును కర్ణమునకును గల సంబంధమును ఎరిగియుండిరి. బోధాయన శుల్బసూత్రములలో ఆ సంగతి యున్నది. మూడు, నాలుగు, అయిదు పాళ్ళతో మూల తీయుట నేటికిని ఇల్లు కట్టు మేస్త్రీకి వాడుక. యంత్రమునకును అదే పరీక్ష. పలకమీద 300 మిల్లీమీటర్ల అడ్డమును, 400 మిల్లీమీటర్ల నిలువును గల దీర్ఘచతురస్రపు నాలుగు మూలలలో నాలుగు సన్నని రంధ్రములు వేయుమని ఆజ్ఞాపింపవలెను. పిదప రెండు కర్ణములను బద్దతో కొలువవలెను. రెండును 500 ఐన మూల కుదిరినది. ఒకటి 501, మరియొకటి 499 ఐనచో దూలము ఓరగా నున్నదన్నమాట. 400 మిల్లీమీటర్ల పొడవులో సుమారు 1.7 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవుచున్నది. తలుపు చట్రములో అంత తేడా వచ్చిన అతుకు నోరు తెరచును. ఇక రెండు కర్ణములును సమానమై, 500 మాత్రము కానిచో? మూల సరియే, కొలత తప్పు. ఒక్క పరీక్షలో రెండు తప్పులు వేరువేరుగా బయటపడినవి చూడుడు.

మూడవది కొలత. చిన్న యంత్రములలో స్టెప్పరు మోటారులుండును. అవి ఎడతెగక తిరుగక, అడుగులు వేయుచు తిరుగును. సాధారణముగా ఒక చుట్టునకు 200 అడుగులు. నియంత్రణ పలక ఒక్కొక్క అడుగును 16 భాగములు చేసినచో చుట్టునకు 3,200 చిన్న అడుగులగును. మోటారు ఒక్క చుట్టునకు పండ్లపట్టా 40 మిల్లీమీటర్లు జరుగుననుకొందము. అప్పుడు ఒక మిల్లీమీటరునకు 80 అడుగులు. ఈ 80 అనునది కాగితముమీది లెక్క. ఇప్పుడు యంత్రమును 300 మిల్లీమీటర్లు పొమ్మని చెప్పి, నిజముగా ఎంత పోయినదో కొలువవలెను. 298.5 మాత్రమే పోయినదనుకొందము. 80ని 300తో గుణించి 298.5తో భాగించిన సుమారు 80.40 వచ్చును. ఆ అంకెను యంత్రమునకు బోధించి, మరల కొలువవలెను. కొలుచునప్పుడు టేపు కొనను నమ్మక, 100 గీతనుండి 400 గీతవరకు చూచుట మేలు. టేపు కొక్కెము వదులుగా నుండును. చిన్న దూరముకన్న పెద్ద దూరమున పరీక్షించిన తప్పు స్పష్టముగా కనబడును. అడ్డమునకు, నిలువునకు, ఎత్తునకు వేరువేరుగా ఈ పరీక్ష చేయవలెను.

ఇచ్చటనే క్రొత్తవారు మోసపోవుదురు. తెరమీద 300 అని కనబడుచున్నదిగదా యని తృప్తిపడుదురు. తెర చెప్పునది జరిగిన పని కాదు. తాను ఇచ్చిన ఆజ్ఞ. మోటారు బరువు లాగలేక నాలుగడుగులు తప్పినను తెరకు తెలియదు. 1952 నాటి యంత్రమునకున్న విచారణ దీనికి లేదని ముందే మనవి చేసితిని. ఆ విచారణను మనుష్యుడే చేయవలెను.

నాలుగవది వదులు. మరకడ్డీకిని, దానిమీద నడచు మరబిళ్ళకును నడుమ కొంచెము సందుండును. కుడివైపు పోయి తిరిగి ఎడమవైపు పోవునప్పుడు ఆ సందు తీరువరకు మోటారు తిరిగినను బండి కదలదు. ఒకే గుర్తునకు కుడినుండి ఒకసారి, ఎడమనుండి ఒకసారి వచ్చి చూచిన తేడా బయటపడును. వలయము కోయించినచో ఉలి దిశ మార్చుకొను నాలుగు తావులలో చిన్న మెట్టో, చదునో కనబడును. దీనిని మరబిళ్ళ బిగువుతో సరిచేయవలెనుగాని, కొలత అంకె మార్చి కప్పిపుచ్చరాదు. కాలు నొప్పికి కంటి మందు పనికిరాదు.

అయిదవది ఉలి నిలువు. యంత్రమునకు విద్యుత్తు తీసివేసి, ఉలిపట్టులో వంకర తీగ నొకటి బిగించి, చేతితో చుట్టు త్రిప్పవలెను. తీగ కొన ముందు, వెనుక, కుడి, ఎడమ నాలుగు వైపులను బల్లమీది కాగితమును సమానముగా రాయవలెను. ఒకవైపు గట్టిగా రాసి, మరియొకవైపు అంటకున్నచో ఉలి వాలియున్నది. అట్టి ఉలితో చదును చేసిన పలకమీద దున్నిన చేనివలె సాళ్ళు నిలుచును.

ఇక ఆరవదానిలో మన మూడవ సాక్షి తిరిగి వచ్చుచున్నాడు. కొయ్యను ఆనించుటకు బల్లమీద ఒక పలకను పరచి, దానిని యంత్రముచేతనే పైపైన చదును చేయింతురు. మంచి అలవాటే. కాని పిదప యంత్రము ఆ పలకనంతయు సమానముగా తాకుచున్నదని మురియుట తగదు. పట్టాలు నడుమ క్రుంగియున్నచో పలకయు నడుమ క్రుంగియే కోయబడియుండును. రెండును కూడబలుకుకొన్న సాక్షులవలె ఒక్కమాటే చెప్పును. వేరుగా తెచ్చిన తిన్నని ఉక్కుబద్దను అడ్డముగను, నిలువుగను, మూలనుండి మూలకును నిలిపి, క్రింద వెలుతురు దూరుచున్నదేమో చూడవలెను. గ్లాస్గోలో విట్‌వర్త్ చెప్పిన విద్య ఇదియే.

ఇవి యన్నియు కుదిరిన పిమ్మట కోత. ఉలి తిరుగు వేగమును, ముందునకు నడచు వేగమును పొత్తు కుదరవలెను. సన్నని పొట్టు రాలినచో మంచిది. పొడి మాత్రమే రాలి, అంచు నల్లబడి, కాలిన వాసన వచ్చినచో ఉలి ముందునకు నడవక ఒకేచోట రాపాడుచున్నదనియో, పదును పోయినదనియో గ్రహింపవలెను. కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ తప్పవు. వదులు చొక్కాచేతులు, పైపంచె, చేతితొడుగులు పనికిరావు. తిరుగు ఉలి వానిని పట్టి లాగును. తక్షణమే ఆపు మీట చేతికందు చోట నుండవలెను. యంత్రము పనిచేయుచుండగా విడిచి పోరాదు.

పెద్దలారా! మొదటి సందేహమునకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఈ యంత్రమునకు అలుపులేని చేయి యున్నది, కన్ను లేదు. టేకు ఏ వైపు చీలునో, వేప ఎప్పుడు మెలితిరుగునో, పచ్చికొయ్య ఎండిన పిదప ఎంత క్రుంగునో, వానకాలమున తలుపు ఎంత ఉబ్బునో దానికి తెలియదు. నారకెదురుగా కోయుమన్నను కోయును. సరియైన అంకె ఇచ్చిన సరిగా చేయును. తప్పు అంకె ఇచ్చిన అంతే శ్రద్ధగా తప్పు చేయును. చేతివడ్రంగి తప్పుచేసిన ఒక పలక చెడును. సరిచూడని యంత్రము నూరు పలకలను ఒకే తీరున చెడగొట్టును. కావున మూలమట్టము, రసమట్టము, గుండుదారము పట్టిన చేతులకు గౌరవము తగ్గలేదు. కొంత కూలిపని తగ్గుట నిజము. దానిని కాదనుట న్యాయము కాదు. ఒకే లతను నూరుసార్లు చెక్కు పని యంత్రమునకు పోవుచున్నది. కాని ఏది చెక్కవలెను, ఏ కొయ్యలో చెక్కవలెను, చెక్కినది సరియా కాదా యను తీర్పు మనుష్యుని యొద్దనే యున్నది. ఆ తీర్పు నేర్చిన వడ్రంగి పిల్లవాడు యంత్రమునకు యజమానుడగును. నేర్వనివాడు దానికి కాపలాదారుడగును.

కావున మీ యింటి కుర్రవాడు ఇట్టి యంత్రము కొన్నచో వానిని నిరుత్సాహపరచకుడు; ఉదాసీనముగను ఉండకుడు. వాడు చెక్కిన మొదటి బొమ్మను మెచ్చుకొనుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు. కర్ణములు కొలిచితివా? చెప్పిన దూరము పోయినదా, ఎవరు చూచిరి? రెండువైపులనుండి వచ్చినను గుర్తు కలిసినదా? ఆ కొలతలు పుస్తకములో తేదీతో వ్రాసితివా? ఋతువు మారినప్పుడు మరల చూచితివా? సాధ్యమైనచో ఊరిలోని వృద్ధ వడ్రంగిని తోడు తెచ్చి, ఆయన మూలమట్టముతో ఒకసారి చూపింపుడు. అంకెలు ఎరిగిన పిల్లవాడును, కొయ్య ఎరిగిన పెద్దయును ఒకే బల్లయొద్ద నిలిచినచో, వారిద్దరికిని వేరైన ఆ మూలమట్టము మూడవ సాక్షియగును. అప్పుడు ఉలి నిజముగా అంకెకు వచ్చినదని చెప్పవచ్చును.